ఎడమ కంటి తెలుపు

ముందుగాల కుడి కన్ను కోసిండ్రు.
కట్టిప్పిన పొద్దు
డాక్టరమ్మ తెల్లకోటు
నీలిమందుల ముంచి ఆరేసినట్టు కొట్టొచ్చింది.
ఆ కన్ను మూసి ఎడమ కంటితోని చూస్తె
అదే కోటు
ఎంత ఉతికినా చాయ్ మరక పోనట్టు.
"ఏది అసలు రంగు బిడ్డా?" అని అడిగిన.
"ఎడమది వచ్చే నెల చేద్దాం" అన్నది.
నేనడిగింది అది గాదు.

నలభై రెండేండ్లు పత్తర్‌గట్టిల
ఉత్తరం కిటికీ కింద కూసోని
ముత్యాలకు రంగు పేరు పెట్టినోన్ని.
పాలు, మీగడ, గులాబి, బూడిద.
నా నోట ఏది వస్తె అదే రంగు,
ఆ రంగు మీదనే రేటు.
కిషన్‌దాస్ సేఠు చిట్టాల రాసుకుంటుండె,
మల్ల తిరిగి చూసేటోడు గాదు.
పక్కకు తెల్లగుడ్డ పరుస్తవు గదా అంటరేమో.
ఆ గుడ్డ గూడ నా కంట్లకెల్లే రావాలె.

పచ్చకామెర్లోనికి లోకమంతా పచ్చన అని
నేనే ఎంతమందిని నవ్విచ్చిననో.
గౌలిగూడ శాస్త్రులు దుకాణం మెట్ల మీద కూసోని
"ముత్యపుచిప్పను చూసి వెండనుకునుడే సంసారం" అంటుండె.
"సామీ, చిప్ప కిలో ఎంతో, వెండి తులం ఎంతో
నాకు చెప్తున్నరా?" అని నేను.
ఆయన చాయ్ పైసలు గూడ నేనే ఇచ్చి
గెలిచిననుకున్న.

అనుమానమొస్తె పంటికి రుద్దేది.
అసలుది సన్న ఇసుక లెక్క గరుకు,
నకిలీది జారుతది.
కన్ను తప్పితె పన్ను.
ఇప్పుడీ పెట్టుడు పండ్ల మీద అన్నీ జారుతున్నయి.
మనుమరాలు హంసిక నోట్ల పెట్టి
"గరుకున్నదా?" అంటె
"ఉప్పగున్నది తాతా" అంటది.
అది నా చేతి చెమట.

నయాపూల్ మీద కొత్తోళ్ళు
ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకుంటె వింతగ చూసేది.
మూసీకి వాసనుంటదని
నా ముక్కు నాకు చెప్పుడు బందు చేసి ఎన్నేండ్లాయెనో.

సుగుణమ్మ టీచరు యాదికొచ్చింది.
తొమ్మిదేండ్ల కింద, మౌలాలి నుంచి,
రిటైరైన పైసలతోని తనకోసం తాను కొనుక్కున్న
రెండు పేటల గొలుసు వాపసు పట్టుకొచ్చింది.
"మీగడ రంగన్నరు. ఇవి పాల తెలుపున్నయి."
"మీ ఇంట్ల ట్యూబులైటు అబద్ధమాడుతది టీచరమ్మా.
కిటికీ కాడికి రాండ్రి."
కిటికీ కాడ శానసేపు నిలబడ్డది.
ఏమీ అనకుంట పోయింది.

నిన్న చిట్టా దేవులాడి, బస్సెక్కి పోయిన.
గొలుసు మెడలనే ఉన్నది.
కుడి కంటితోని చూసిన.
పాలు.
నీళ్ళు కలపని పాలు.
తప్పు నాదని చెప్పిన. బస్సుల నేర్చుకున్న మాటలు
సగం మరిచిపోయిన.
టీచరమ్మ గొలుసెత్తి వెలుగుకు పట్టి
"మీగడ రంగే గద" అన్నది.
"మొదట్ల నాకు తెల్లగ అనిపిచ్చింది.
మీరు చెప్పినంక మెల్లమెల్లగ కనవడ్డది."

ఆమెకు డెబ్బై. కండ్లు ఎన్నడు చూపిచ్చుకోలేదట.
అది ఆమె కంట్ల మొదలైన పొరనో,
తొమ్మిదేండ్ల కింద నేనేసిన పొరనో.
పైసలు వాపసిస్తనంటె
చాయ్ పోసింది.

వచ్చేటప్పుడు కిటికీ పక్కకు కూసున్న.
మౌలాలి గుట్ట బండలు
ఒక కంట్ల బూడిద, ఒక కంట్ల తేనె.
పక్క సీటు పిలగాడు
కండ్లు కొడుతున్నననుకొని జరిగి కూసున్నడు.

ఒక కన్ను ఇంకో కన్నును పట్టిచ్చింది.
పన్నెండో తారీఖు తర్వాత రెండూ ఒక్కటే మాట చెప్తయి.
అప్పుడెవరు పట్టిస్తరు?
అందుకే, రోజుకొక్క ముత్యం
ఎడమ కంటికి చూపిస్తున్న,
ఇల్లు ఖాళీ చేసేటోనికి
గోడలు చూపిచ్చినట్టు.